కన్నతల్లి ఆచూకీ

మళ్ళీ ఆ ముసలామె దగ్గరే ఆగింది భవిత.

రోడ్డుకు ఇవతల బిక్షం చాయ్ హోటల్లో, స్తంభం చాటున నిలబడి చూస్తున్నాడు విద్యాసాగర్. మీర్‌పేట్‌లో కాలేజీకని పొద్దున్నే బయల్దేరిన కూతురు బస్సెక్కలేదు. ఇబ్రహీంపట్నం చేపల మార్కెట్లో, ఆ ముసలామె గంప ముందు గొంతుక్కూర్చుంది. చేపలు కొనడానికైతే కాదు. ఆ పిల్లకు చేపల వాసనే గిట్టదు.

"బిక్షమన్నా, ఆ ముసలమ్మ ఎవరు?"

"జంగమ్మ. ఇప్పుడు చేపలమ్ముతున్నది గని, ఒకప్పుడు మంత్రసాని. చెరువు సుట్టున్న ఊర్లల్ల మస్తు మందికి పురుడు పోసింది. దవాఖాన్లు వచ్చినంక మానుకున్నది."

మంత్రసాని అనగానే విద్యాసాగర్‌కు నోట్లో చాయ్ చేదెక్కింది. అనుకున్నంతా అయింది. పిల్ల కన్నతల్లిని వెతుకుతోంది.

భవిత వాళ్ళు కన్న బిడ్డ కాదు. పెళ్ళయి చాన్నాళ్ళకు కూడా కడుపు పండకపోతే, విద్యాసాగర్, మంజుల కలిసి శిశుగృహం నుంచి తెచ్చుకున్నారు. చర్చిలో పసిగుడ్డును దేవుడికి ప్రతిష్ఠ చేసిన ఆదివారం చుట్టాల్లో సగం మంది ముఖాలు మాడ్చుకున్నారు. ఎవరి రక్తమో ఏమో అని గొణిగారు. విద్యాసాగర్ తల్లి కృపారాణి ఒక్కతే పిల్లను గుండెకు హత్తుకుని, "ఎవరి కడుపుల పడితేంది, మన ఒళ్ళె పడ్డది" అని అందరి నోళ్ళూ మూయించింది. ఆమె నర్సుగా చేసిన మనిషి. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడే ఇక్కణ్ణుంచి నల్గొండకు బదిలీ చేయించుకుని, రిటైరయ్యాకే తిరిగొచ్చింది. ఎవరికీ జంకే రకం కాదు.

కాకపోతే నోటి దురుసు ఒకటుండేది. చిన్నప్పుడు విద్యాసాగర్ అల్లరి చేస్తే "నిన్ను తవుడు పోసి కొన్న, సప్పుడు జెయ్యకు" అనేది. ఏ ఇంట్లో అనరు గనక! భవితనూ అలాగే అనబోతే అతను అడ్డుపడ్డాడు.

"దాన్ని గట్ల అనకమ్మా. నేనంటే నీ కడుపున పుట్టినోణ్ణి, నవ్వుకున్న. అది నవ్వుకుంటదా?"

కృపారాణి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఊళ్ళోవాళ్ళు చెప్పకముందే మనమే చెప్పాలని, భవితకు ఏడేళ్ళప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిజం చెప్పేశాడు. పిల్ల అంతా విని, ఆకలేస్తోందని లేచి వెళ్ళింది. అన్నం ముట్టనిది కృపారాణే.

"చెప్పకపోతే ఏమైతుండెరా? రేపు పెద్దదైనంక నిన్ను నాయన అంటదా?"

"ఎందుకనది? పెంచిన ప్రేమ యాడికి పోతదమ్మా?"

"నిజంగనా?"

"నిజంగనే."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. మనవరాలంటే ఎంత పాణమో అనుకున్నాడు విద్యాసాగర్.

అంత ధైర్యంగా చెప్పినవాడి పరిస్థితి ఇప్పుడు కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. కృపారాణి మంచం పట్టాక సేవంతా భవితే చేసింది. ఆఖరి రోజుల్లో ఆమె కొడుకును కూడా గదిలోంచి పొమ్మని, మనవరాలితోనే గుసగుసలాడేది. ఆమె పోయాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక అయిన దగ్గర్నుంచి పిల్ల తీరే మారింది. తండ్రి ముఖం చూసి మాట్లాడదు. చూసిందంటే కళ్ళనిండా నీళ్ళు.

ఎక్కడ తక్కువ చేశాం? గట్టిగా కసిరిన రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి గుండెలో గుచ్చుకున్నాయి. నిన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ తల్లి దొరకాలని అడగాలో, దొరకొద్దని అడగాలో తెలియక ఉత్త ఆమెన్ అని లేచాడు.

"కన్నతల్లిని చూడాలని ఉండదా? నిమ్మళంగ అడుగు," అంది మంజుల.

"దొరికితే మరి నేనేమైత?"

"ఏమైతవ్? దాని నాయనవి. గది ఎవరు గుంజుకుంటరు?"

చెప్పడం తేలికే. తన చేతుల్లో పెరిగిన పిల్ల ఇంకో ఇంటి గడపలో 'అమ్మా' అని పిలుస్తుంటే, తను చెప్పులిప్పి ఎక్కడ నిలబడాలి? అది ఎంత ఆలోచించినా తేలలేదు.

అటు జంగమ్మ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఇటే చూసింది. భవిత కూడా తల తిప్పింది. చూడనే చూసింది. విద్యాసాగర్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

రోడ్డు దాటి వచ్చేసింది పిల్ల. "నా ఎనకాలనే తిరుగుతున్నవా డాడీ?"

ఇక దాచి లాభమేముంది? "దొరికిందా బిడ్డా?"

భవిత తలూపింది. "కొంగరకలాన్ల ఉన్నదట. కండ్లు సరిగ కనిపిస్తలేవట. జంగమ్మ మనిషిని పంపి కనుక్కున్నది."

"నాకు ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నువ్వు నాకు ఒళ్ళె కూసోబెట్టుకొని చెప్పినవ్. నాకు గట్ల చెప్పొస్తలేదు. నీ గుండె పగులుతదని భయమయితున్నది."

ఈ మాట ఇప్పుడు అనకపోతే విద్యాసాగర్ ఇంకెప్పుడూ అనలేడు.

"ఏం పగలది. పా, ఇప్పుడే పోదాం. నేనే తోల్కపోత. నా బిడ్డను కన్న తల్లి, నాకు దేవుడి తర్వాత దేవుడసొంటిది. రెండు చేతులెత్తి దండం పెడుత."

భవిత ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆమె కన్నది నన్ను కాదు డాడీ, నిన్ను."