సమ్మతి గడిలో టిక్కు

ముందే చెప్పుకుంటున్నాను. యాభై తొమ్మిదో ఏట అఆలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పుతాయి, చెయ్యి నిదానం. ఈ కాస్త కథకే పదిహేను రోజులు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

గిద్దలూరు ఎగ్జిబిషన్‌లో మిక్సీల అంగడి ముందు నిలబడి పుష్పమ్మ లక్కీ డ్రా కూపను నింపుతోంది. నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కో అంకె దగ్గరా ఆగుతోంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. పక్కనే ఉన్న హేమలత కూపనులోకి తొంగి చూసింది. ఊళ్ళో సాయంత్రం బడి పెట్టి ఆమెకు అక్షరాలు నేర్పింది హేమలతే.

“ఈ నంబరు ఎవరిది పెద్దమ్మా?”

“మా మరిదిది. నాకు ఫోనెక్కడ ఏడ్చింది?”

“బహుమతి తగిలితే ఆయనకు పోతాది గదా.”

“పోనీలేమ్మా. నాది ఏదైనా పోయేది ఆయనకే గదా.”

హేమలత కూపను అడుగున చీమల బారులా ఉన్న అక్షరాలను చూపించింది. “ఈ గడిలో మాత్రం టిక్కు పెట్టద్దు. ప్రకటనలు పంపేదానికి నాకు సమ్మతమే అని రాసినారు. అడక్కుండా పంపితే చట్టం ఉంది, ఫిర్యాదు చేయొచ్చు. మనమే ఒప్పుకున్నాక చట్టం కూడా ఏం చేయలేదు.”

పుష్పమ్మ గడి దాటిపోయేంత పెద్ద టిక్కు పెట్టింది.

సమ్మతి అనే మాట ఆమెకు కొత్త కాదు. భర్త పోయిన నెల తిరక్కుండానే మరిది గురవయ్య ఒక కాగితం తెచ్చి, పింఛనుకని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ ముద్రతో ఆమె మూడెకరాల చేను అతని పేరుకు మారింది. చదవడం వచ్చాక ఆ కాగితం నకలు తెచ్చుకుని కూడబలుక్కుంది. ‘నా పూర్తి సమ్మతితో’ అని ఉంది.

గురవయ్యకు కొమరోలులో విత్తనాలు, ఎరువుల దుకాణం. అక్కడికే వెళ్ళి అడిగింది. నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు.

“మా వదినకు చదువొచ్చిందంటప్పా. ఏదీ, ఈ సంచి మీద ఏముందో చదువు,” అన్నాడు గురవయ్య.

ఆమె మొదలుపెట్టింది. మూడో మాటకు వచ్చేసరికి అందరూ నవ్వారు. గురవయ్య అప్పటికే ఎవరికో మందు డబ్బా అందిస్తున్నాడు. ఆమె సంచి చివరిదాకా చదివి, కొంగు సర్దుకుని ఇంటికి వచ్చింది. ఇల్లంటే గురవయ్య పెరట్లో కొట్టం. పొద్దస్తమానం పని మాత్రం అతని వంటింట్లో.

ఆ తర్వాత ఆమెకు కూపన్ల పిచ్చి పట్టుకుంది. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సెక్కి మార్కాపురం పోయేది, దర్శి పోయేది. బంగారం అంగళ్ళు, బట్టల దుకాణాలు, ప్లాట్లు అమ్మేవాళ్ళ షామియానాలు, ఎక్కడ ఫారం కనిపిస్తే అక్కడ నింపేది. చదువు మరిచిపోకుండా దారిలో ప్రతి బోర్డూ పైకి చదివేది. బస్సు నుదుటి మీది ఊరి పేరు, కోళ్ళ దాణా, మండలాఫీసు గోడమీద ‘వాయిదాల సమాచారం ఇకమీదట సెల్‌ఫోనుకే పంపబడును’, దాని పక్కనే ‘ఇచట ఉమ్మరాదు’.

గురవయ్య ఫోను మోగడం మొదలైంది. తరుగు లేని నగలు, చీరల తగ్గింపు, మోకాళ్ళ నొప్పులకు నూనె. అన్నం ముందు కూర్చుంటే పది, చేయి కడిగేలోపు ఇంకో పది. పెళ్ళి సంబంధాలు చూడమంటారా అని కూడా అడిగారట అతన్ని.

“ఆ నంబరు మార్చకూడదా గురవయ్యా?” అంది పుష్పమ్మ, పప్పు వడ్డిస్తూ.

“ఇరవై ఏండ్ల నంబరు వదినా. రైతులందరి దగ్గరా ఇదే ఉంది. మారిస్తే దుకాణం మూసుకోవాల్సిందే.”

ఫిర్యాదు చేశాడు. వారం తర్వాత జవాబు వచ్చింది. ఈ నంబరు రాసి సమ్మతి ఇచ్చిన ఫారాలు ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు మూసేశామని. ఇది ఎదురు దుకాణం పవన్ కుమార్ పనేనని తేల్చుకుని నడిబజారులో అతని చొక్కా పట్టుకున్నాడు. చివరికి తన గుండీలే తెంపుకుని ఇంటికి వచ్చాడు.

“ఎవడు రాసినాడో గాని, వాని చేతులు పడిపోను,” అన్నాడు.

పుష్పమ్మ వేలికున్న సిరా మరకను కొంగుతో తుడుచుకుని, ఇంకో ముద్ద సంగటి వేసింది.

హేమలతకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. అర్థమయ్యాక నవ్వు రాలేదు, జాలి వేసింది.

“మెసేజ్‌లతో చేను తిరిగొస్తాదా పెద్దమ్మా?”

“రాదులే. ఆ ఫోను మోగినప్పుడల్లా నాకు కడుపు నిండుతాది. అంతే.”

“చేను కోసం నువ్వు రాసుకుంటే నేను దిద్దిచ్చిన అర్జీ ఏమైంది?”

“మండలాఫీసులో ఇచ్చినా. నీ మరిదిని పిలిచి అడుగుతాం, వాయిదాకు రాకపోతే నీ కాగితాలు చూసి తేల్చేస్తాం అన్నారు.”

“ఆయన రాకుండా ఉంటాడా? లాయరును వెంటబెట్టుకోని వస్తాడు.”

“వస్తాడులే,” అని పుష్పమ్మ పలక తుడుచుకుంది.

ఒక సోమవారం పొద్దున గురవయ్య హుషారుగా ఉన్నాడు. మెసేజ్‌లన్నీ ఒక్కసారే చెరిపేసే ఉపాయం ఎవరో చెప్పారట. ఫోను తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టాడు. నిన్నటి నుంచి వచ్చినవి నూట ఎనభై మూడు.

“చూడు వదినా. ఇంక వానికీ నాకూ చెల్లు.”

బొటనవేలు ఆనించాడు. తెర ఖాళీ అయింది.

“చదవకుండానేనా గురవయ్యా?”

“ఎవడు చదువుతాడు ఇవన్నీ?”

పుష్పమ్మ ఆ బొటనవేలి వైపు కాసేపు చూసింది. తర్వాత అతని గ్లాసు నిండా మజ్జిగ పోసింది.

పోయినవాటిలో ఒకటి వాయిదా నోటీసు.

ఇట్లు,
పుష్పమ్మ, అరవై మూడేళ్ళు, కొమరోలు దగ్గర నా మూడెకరాల చేలో వేసుకున్న రేకుల ఇల్లు.