బేసు లేని బండి

కొత్త స్పీకర్లు బిగించిన మూడో రోజున బంగార్రాజు టేపురికార్డరు నెత్తిన ఒక్కటిచ్చాడు.

దెబ్బ తిని కూడా అది పాడుతూనే ఉంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు.

చోడవరం టాక్సీ స్టాండులో అతని అంబాసిడర్ పక్కనే పెదబాబు అంబాసిడర్ ఆగుతుంది. రెండూ ఒకే ఈడువి. కానీ పెదబాబు పాట పెడితే ఆ డప్పుకి అచ్చియ్యమ్మ టీ కొట్లో గ్లాసులు కదులుతాయి.

పెళ్లివాళ్లు అటే పోతారు.

అది అనకాపల్లిలో షరీఫుద్దీన్ అనే మేస్త్రీ చేసిన సెట్టింగు. అంత పేరున్నవాడి దగ్గరికెళితే జేబు గుల్ల చేసేస్తాడని బంగార్రాజు భయం. అందుకే విశాఖపట్నం పోయి, ఉన్న డబ్బుకి వచ్చే స్పీకర్లు రెండు కొన్నాడు. వెనక అద్దం కింది చెక్కకి బెజ్జాలు కోసి, కూలి కలిసొస్తుందని తనే బిగించుకున్నాడు.

చప్పుడు పెరిగింది. ఉన్న కాస్త బేసూ పోయింది.

స్టాండులో ఒకడు దూది కుక్కమన్నాడు. కుక్కాడు. ఇంకొకడు దూది తీసెయ్యమన్నాడు. తీసేశాడు.

ఆ రోజు మూడింటికి వడ్డాది నుంచి రాజ్యమ్మ గారు వస్తున్నారు. కొడుకు సూర్యతేజ పెళ్లి. ఊరేగింపు కారు పాట విని మరీ మాట్లాడుకుంటారట. ఈ సీజన్లో బంగార్రాజుకి ఒక్క పెళ్లి బేరమూ తగల్లేదు. ఇదీ తప్పితే బండి అమ్మేసి, మళ్లీ ఎవడిదో చెరకు లారీ మీద డ్రైవరుగా ఎక్కడమే.

రెండు దాటింది. క్యాసెట్టు మార్చాడు. మళ్లీ మార్చాడు. డిక్కీలో తల దూర్చి, బిగిసి ఉన్న బోల్టులే మళ్లీ బిగించాడు.

తల ఎత్తేసరికి ఎవరో ముసలాయన వెనకసీటు మీద మోకాలు వేసి, రెండు స్పీకర్ల నడుమ చెక్క మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. చంకలో గుడ్డ సంచీ.

ఎవరి బండి అనుకున్నావు, దిగమన్నాడు బంగార్రాజు. ఆయన కదల్లేదు. భుజం పట్టి గుంజితే అప్పుడు కళ్లు తెరిచాడు.

"ఒకటి ముందుకి తోస్తంటే రెండోది ఎనక్కి లాగుతంది బాబూ. ఒక స్పీకరుకి రెండు వైర్లూ అటుదిటు, ఇటుదటు మార్చు. సాలు."

నీకెలా తెలుసని బంగార్రాజు అడిగాడు. ఆయన జవాబివ్వకుండా అతని పెదాలకేసి చూస్తున్నాడు. గట్టిగా అడిగినా అంతే.

ఆ తాతకి బ్రహ్మచెవుడని, ఇందాక టీ ఖరీదు తను వేళ్లతో చూపించాల్సి వచ్చిందని అచ్చియ్యమ్మ కొట్లోంచే చెప్పింది.

స్టాండు మొత్తం నవ్వింది. మూడు రోజుల మంటకి బంగార్రాజుకి ఒక మనిషి దొరికాడు.

"సెవిటోడివి, నువ్వా నాకు సౌండు గురించి సెప్పేది? పో తాతా, పోయి బస్సెక్కు."

మాట వినపడకపోయినా మొహం చూసి అర్థమైనట్టుంది. ఆయన సంచీ సర్దుకుని దిగాడు. పోతూ పోతూ రెండు వేళ్లు అటూ ఇటూ తిప్పి, వైర్లెలా మార్చాలో మళ్లీ చూపించాడు. బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

మూడింటికి రాజ్యమ్మ గారొచ్చారు. బంగార్రాజు బండిలో ఆవిడ పాట సగం కూడా వినలేదు.

"ఇదేటి బాబూ, రేడియోలో వార్తలు సదివినట్టుంది," అని దిగిపోయారు.

అప్పుడే మాడుగుల ట్రిప్పు నుంచి వచ్చిన పెదబాబు బండెక్కి కూర్చున్నారు. ఒక్క పాటకే తమలపాకుల్లో అడ్వాన్సు పెట్టి అతని చేతికిచ్చేశారు.

ఆవిడ వెళ్లాక బంగార్రాజు స్పీకర్లు పీకి పారేద్దామనే డిక్కీ తెరిచాడు. ఒకదాని వైర్లు రెండూ లాగేశాడు కూడా. అక్కడ చెయ్యి ఆగింది. ఇంక పోయేదేముందని, అటుదిటు, ఇటుదటు తగిలించి పాట పెట్టాడు.

చెక్క అదిరింది. డప్పు వచ్చి గుండెల మీద తగిలింది.

అవే స్పీకర్లు. అదే పాట. పైసా ఖర్చు లేదు.

సంతోషం రాలేదు. స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు.

చప్పుడు విని పెదబాబు వచ్చాడు. ఇంత బాగా ఎవరు చేశారని అడిగాడు. ఎవడో చెవిటి ముసలాయన చెక్క మీద చెయ్యేసి చూసి చెప్పాడనీ, నమ్మక తనే తరిమేశాననీ బంగార్రాజు తల ఎత్తకుండానే చెప్పాడు.



"సెవులు పోయి ఆరేళ్లయింది ఆయనకి," అన్నాడు పెదబాబు. "నా బండికీ అలా సెయ్యెట్టే సూసేరు, వైరు మార్చినందుకు డబ్బులేటని టీ ఒక్కటే తాగి ఎల్లిపోయేరు షరీఫుద్దీన్ గారు."