కొత్తలాంటి కడ్డీ

"చల్లారిందో లేదో చూసుకో. వేడినీళ్ళు మొహాన చిందితే ఆస్పత్రికి నేను తీసుకెళ్ళను," అంది భార్య లవాన్.

డెల్బర్ట్ మంచం, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న తన క్యారవాన్ బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గీజరు మూత తెరిచాడు. నెబ్రాస్కా మంచు తప్పించుకుని మూడు నెలలు ఆరిజోనా ఎడారిలో ఒక్కడే గడిపి, నిన్ననే ఇల్లు చేరాడు. లవాన్ స్కూలు బస్సు నడుపుతుంది. ఆమెకి చలికాలం సెలవు దొరకదు.

వచ్చీ రాగానే ఆమె తేల్చి చెప్పేసింది. గీజరు పాడుచేసి ఉంటే బండి అమ్మకానికే. ఇక ఒంటరి షికార్లు బంద్.

"గ్యాసు కట్టేశావా?"

"కట్టేశాను, మహాతల్లీ."

"నీళ్ళు?"

"అవీ కట్టేశాను. బస్సులో పిల్లల మీద అరిచినట్టు అరవకు."

"పిల్లలైతే ఒక్కసారి చెబితే వింటారు."

డెల్బర్ట్ పళ్ళు కొరుకుతూ వాల్వు ఎత్తాడు. లోపల బిగబట్టిన గాలి బుస్సుమంది.

"రోజూ స్నానం చేశావా, అడిగేవాళ్ళు లేరని కంపుకొడుతూ తిరిగావా?"

"రోజూ రెండు పూటలా! ఇందులోనే, పొగలు కక్కే నీళ్ళతో. క్యారవాన్లు నిలిపే ఆ పార్కులో వేరే స్నానాలగదులు ఎక్కడున్నాయి?"

"అక్కడివి ఒట్టి సున్నపు నీళ్ళు."

"అందుకే కంటికి రెప్పలా చూసుకున్నాను."

పానా వేసి బిరడా తిప్పాడు. దానికి అతికి ఉన్న పొడుగాటి కడ్డీ బయటికొచ్చింది. వెనకే నీళ్ళు దూకాయి. తేటనీళ్ళు. ఒక్క సున్నపు పెళ్ళ లేదు.

డెల్బర్ట్ మొహం వెలిగిపోయింది. కడ్డీని చొక్కాకి తుడిచి ఆమె ముక్కు ముందు ఆడించాడు.

"చూడు! అక్టోబరులో నువ్వు కొత్తది బిగించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. చిన్న గీత కూడా పడలేదు. ఇంకా అమ్ముతానంటావా?"

లవాన్ కడ్డీ అందుకుంది. అరచేతిలో బరువు చూసింది.

"తొట్టి తుప్పు పట్టకుండా, దాని బదులు తను అరిగిపోవడమే ఈ కడ్డీ పని, డెల్," అంది. మొదటిసారి గొంతు తగ్గింది. "ఆ నీళ్ళు రోజూ కాచుకుంటే ఈపాటికి చీపురుపుల్ల అయిపోవాలి."

అతని చేతిలో పానా ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పు, మూడు నెలలు, రెండు పూటలా, ఎవరి బండిలో స్నానం చేశావు?"