గడ్డిముడి

మూడు వేల కాఫీ కవర్లు ప్రింటయి వచ్చిన రోజే ఫల్గుణకు తెలిసింది, ఇన్‌స్టాగ్రామ్‌లో 'మబ్బుగింజ' అన్న పేరు అప్పటికే ఎవరో తీసేసుకున్నారని.

కవరు మీద ఆ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కింద 'ఇన్‌స్టాలో ఇదే పేరుతో మమ్మల్ని చూడండి' అని కూడా ఉంది. ఇక చూడాలనుకున్నవాళ్లంతా ఎవరి గుమ్మంలోకో వెళ్తారు.

తప్పు తనదే. రెండు నెలల కిందట వెతికినప్పుడు పేరు ఖాళీగానే ఉంది. తర్వాత తీసుకుందాంలే అనుకున్నాడు. ఈలోగా ఊళ్లో ఇరవై ఆరు ఇళ్లవాళ్లు అతని మాట నమ్మి, గింజలు షావుకార్లకు వేయకుండా ఆపారు. మన పేరుతో మనమే అమ్ముకుందాం అన్నది అతనే మరి. ఇరవై రోజుల్లో విశాఖలో ఎగ్జిబిషన్. అక్కడ తేలిపోతే మళ్లీ షావుకారు గుమ్మమే గతి.

కవర్లు చేసిపెట్టిన విశాఖ స్నేహితుడు సురేష్ చెప్పిన దారులన్నీ మూసుకుపోయాయి. పేరు చివర గీత తగిలిస్తే కవరుతో కలవదు. ట్రేడ్‌మార్క్ కాగితం ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. ఆ కాగితం రావడానికి నెలలు పడతాయి.

"ఆ అకౌంట్‌వాడినే అడుగు. నీ పేరుతో మాత్రం అడక్కు. అనంతగిరి కొండ మీద కుర్రాడివని తెలిస్తే లెక్కచేయరు. పెద్ద సంస్థలా రాయి," అన్నాడు సురేష్ చివరికి.

ఫల్గుణ 'బ్రాండ్ రక్షణ విభాగం, విశాఖపట్నం' అని కొత్త అకౌంట్ తెరిచాడు. ఆ విభాగం మొత్తానికి ఉద్యోగి తనొక్కడే.

అవతలి అకౌంట్లో ఒక్క పోస్టూ లేదు. బొమ్మ మాత్రం ఉంది. చెట్టు మొదలుకి కట్టిన గడ్డిముడి.

అది చూడగానే ఫల్గుణకు ఒళ్లు మండింది. అడవిలో తేనెపట్టు ముందుగా ఎవరి కంట పడితే వాళ్లు ఆ చెట్టుకి గడ్డిముడి కడతారు. ఇక దాన్ని ఇంకొకరు ముట్టరు. ఆకలితో ఉన్నా ముట్టరు. అంటే పేరు కొట్టేసినవాడు పరాయివాడు కాదు, మనవాడే. పైగా వెక్కిరిస్తున్నాడు!

"ఈ పేరు మా సంస్థది. వెంటనే వదలండి," అని రాశాడు.

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. గురువారం జవాబు వచ్చింది.

"ముడి కనబళ్లేదేటి?"

ఈసారి బతిమాలాడు. ఏం కావాలో చెప్పమన్నాడు. మళ్లీ గురువారమే జవాబు.

"మాకేటీ వొద్దు. పేరివ్వను."

గురువారమంటే సంత. సంతకు దిగేవాడెవడో ఈ పని చేస్తున్నాడు. పేరు తెలిసిన ఒక్కొక్కరి ముఖమూ తలుచుకున్నాడు. కలిసి కాఫీ పళ్లు కోసే స్నేహితుల్ని కూడా అనుమానించాడు. సిగ్గేసింది, కానీ మానలేకపోయాడు.

ఆ ముఖం చూసి, గింజలు ఎండబోస్తున్న అప్ప అప్పలనర్సమ్మ పలకరించింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఈ అక్కే.

"ఏటిరా, మొకం అలాగెట్టుకున్నావు?"

"ఏటీ లేదప్పా. అంతా బాగానే ఉంది."

"సిన్నాసితకా ఎవారాలు నాను సూసుకుంటాను. నువ్వు గింజల సంగతి సూడు."

ఆవిడ గింజలు కూడా ఆ ఇరవై ఆరు ఇళ్ల గింజల్లోనే ఉన్నాయి. నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

మూడో గురువారం వచ్చింది. ఎల్లుండే ఎగ్జిబిషన్. సంతలో ఫోన్ పట్టుకున్న ప్రతి మనిషినీ ఫల్గుణ దొంగను చూసినట్టే చూశాడు. ఆటోవాళ్లను, బట్టల కొట్టువాళ్లను, బడి మాస్టారిని కూడా వదల్లేదు.

"అల్లం గంప సూస్తుండు. లావణ్య కొట్టుకెళ్లి బేగి వొచ్చేత్తాను," అని అప్ప అటు నడిచింది. లావణ్యది సెల్ రీఛార్జి కొట్టు. రీఛార్జికో, ఫోన్‌లో ఏదైనా రాయించుకోవడానికో సంతకు వచ్చినవాళ్లందరికీ అక్కడ ఏదో ఒక పని ఉంటుంది.

గంప పక్కన కూర్చుని ఫల్గుణ ఫోన్ తీశాడు. ఒకరు కట్టిన ముడిని విప్పమనడం ఎంత తప్పో అతనికి తెలుసు. అడవిలో అయితే పక్క నుంచి తప్పుకుపోయేవాడు. ఇక్కడ తప్పుకోవడానికి దారేదీ? టైపు చేశాడు.

"సాయంత్రంలోగా పేరు వదలకపోతే పోలీసులు మీ ఇంటికి వస్తారు. మీ వివరాలన్నీ మా దగ్గర ఉన్నాయి."

పంపి, చటుక్కున తలెత్తి సంతంతా కలయజూశాడు. ఎవడో ఒకడు ఇప్పుడు ఫోన్ చూసి ఉలిక్కిపడాలి. ఒక్కడూ ఉలిక్కిపడలేదు. ఆటోవాళ్లు టీ తాగుతున్నారు. మాస్టారు వంకాయలు బేరమాడుతున్నారు.

రెండు నిమిషాలకు అతని చేతిలోని ఫోనే మోగింది.

"పోలీసులొత్తే రానీండి, ఈ ముడి నాను మా తమ్ముడు ఫల్గుణ కోసం కట్టినాను, ఆడొచ్చి అడిగితే తప్ప ఇప్పను."