వెంట్రుకవాసి

వదిన సంచిలోంచి వేణువు తీసి, రుమాలుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుంది.

హాలు నిండా కుర్చీలు. ప్రతి కుర్చీలో ఒక దేశం. చర్మపు డప్పులు, ఇత్తడి బూరలు, వయొలిన్లు, నేనెన్నడూ చూడని తీగల పెట్టెలు.

అందరికీ అరకొరగా వచ్చిన భాష ఒకటే. మిగతాదంతా చేతి సైగలు.

ముందు, మన సన్నాయి లాంటి ఓబో వాయించే ఆవిడ ఒక స్వరం పట్టింది. మనిషి తాటిచెట్టంత. వదిన ఆమెకు పొడుగమ్మ అని పేరు పెట్టింది. ఆమె పట్టిన స్వరానికే అందరూ శ్రుతి కలుపుకోవాలి. అది వాళ్ల పద్ధతి.

అందరూ కలిశారు. వదిన వేణువు కలవలేదు.

వెంట్రుకవాసి తక్కువ. అంతే. అయినా పంటికింద రాయిలా వినిపించింది.

వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

"ఇంకో వేణువు ఉందా అమ్మా?"

"ఉందండీ."

"అది తీయండి మరి."

"ఇదే వాయిస్తానండీ."

నేను లేచి ఆమె దగ్గరికి వెళ్లాను. "వదినా, పోనీ ఈ పూటకి రెండోది..."

"మాస్టారూ, వెళ్లి కూర్చోండి. ఇది మీ బడి కాదు."

వెళ్లి కూర్చున్నాను.

అది అన్నయ్య చేసిన వేణువు. బతికుంటే ఈ కచేరీకి రావలసింది అన్నయ్యే.

అన్నయ్య రంధ్రాలు ముందు చిన్నవిగా వేసేవాడు. తర్వాత ఆకురాయితో కొద్దికొద్దిగా పెంచుతూ స్వరాన్ని పైకి తెచ్చేవాడు.

దీనికి ఆ రెండో పని మిగిలిపోయింది.

క్లారినెట్ వాయించే ఆయన వచ్చి, వేణువు అడిగి తీసుకుని, ఒక కన్ను మూసి రంధ్రాలు చూశాడు.

"లోపమేం లేదమ్మా. పని కాస్త మిగిలింది. నా పెట్టెలో సన్నని ఆకురాయి ఉంది. ఎంతసేపు, ఇలా ఇచ్చి అలా తీసుకోండి."

వదిన రెండు చేతులతో వేణువు వెనక్కి తీసుకుంది.

"వద్దండీ. ఆయన ఎంతవరకు చేశారో అంతవరకే ఉండనివ్వండి."

ఆయన తల వంచుకుని తన చోటికి వెళ్లిపోయాడు.

కండక్టర్ నుదురు రుద్దుకున్నాడు. "అయితే రేపటి కచేరీలో మీ భాగం..."

వదిన సంచి అందుకుంది.

అప్పుడు పొడుగమ్మ లేచి నిలబడింది.

"ఒక్కసారి వాయించండి. ఒక్క స్వరం చాలు."

వదిన ఊదింది.

పొడుగమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఓబో కొసనున్న రెల్లు పీకను కాస్త బయటికి లాగింది. ఊదింది. ఇంకాస్త లాగింది. ఊదింది.

రెండు స్వరాలూ ఒకటయ్యాయి.

ఆమె ఆ స్వరాన్ని వదలకుండా వయొలిన్ల వైపు తిరిగింది.

"ఒక్క వెదురు కోసం ఇంతమందిమి దిగాలా?" అన్నారెవరో.

"దిగినా పియానో దిగదు కదా," అన్నాడు కండక్టర్. పియానో వాయించేది ఆయనే.

పొడుగమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "అయితే మీరు వాయించకండి," అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు.

కండక్టర్ నవ్వలేదు. పియానో దగ్గరికి నడిచి, కాసేపు నిలబడి, మూత దించాడు.

ముందు వరసలో ఒక వయొలిన్ తీగ వదులైంది. తర్వాత దాని పక్కది. బూరల వాళ్లు గొట్టాలు బయటికి లాగారు. డప్పు ఆయన తన డప్పు చర్మాన్ని తడిగుడ్డతో అద్దాడు.

ఒళ్లో తీగల పెట్టె పెట్టుకున్న ముసలాయన మాత్రం కదల్లేదు.

"నావి డెబ్బై పైచిలుకు తీగలు. తెలుసా?"

"తెలుసు తాతగారూ," అంది పొడుగమ్మ.

"తెలిసే అడుగుతున్నారా! హాయిగా పిల్లనగ్రోవి నేర్చుకోరా అని మా అమ్మ మొత్తుకుంది. విన్నానా?"

గొణుక్కుంటూనే తాళంచెవి లాంటిది తీసి మొదటి తీగకు తగిలించాడు.

ఒక్కొక్క తీగనూ మీటాడు. తిప్పాడు. చెవి ఒగ్గాడు. మళ్లీ మీటాడు.

అంత హాల్లో ఎవరూ దగ్గలేదు. గడియారం చూసుకోలేదు. బడిలో ఇన్నేళ్లు పనిచేశాను. చెప్పకుండా పుట్టిన అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఆఖరి తీగ దిగింది. ముసలాయన పొడుగమ్మకేసి తలాడించాడు.

ఆమె స్వరం పట్టింది.

ముందు వయొలిన్లు అందుకున్నాయి. తర్వాత బూరలు. ఆ తీగలన్నీ. నా కాళ్ల కింద చెక్క నేల సన్నగా వణికింది.

అన్నయ్య మంచం మీద కూర్చుని, పక్కగదిలో మాకు నిద్రాభంగం కాకూడదని మెల్లగా ఊది చూసుకున్న స్వరం అది.

ఇప్పుడు పైకప్పు దాకా ఉంది.

కండక్టర్ చేతులు ఎత్తాడు. మొదలుపెట్టవలసింది వదినే.

వదిన వేణువు పెదవుల దాకా తెచ్చి ఆగిపోయింది. వింటూ ఉంది.

ఎవరూ స్వరం ఆపలేదు.