గొడుగు కింద జనరల్

"మా తాతగారి మొహం తేటగా రావాలండీ. జనరల్ కదా! యుద్ధం జరుగుతుంటే సరిహద్దులో తీయించుకున్న ఫొటో," అన్నాడు మనవడు, గర్వంగా బల్ల మీద పెడుతూ.

పాత ఫొటోలు బాగుచేసే ఆవిడ భూతద్దం పెట్టి చూసింది. కుర్చీలో జనరల్, కాళ్ల దగ్గర కుక్క. వెనకాల తలకు కట్టుతో ఒక సిపాయి, ఆయనకు గొడుగు పట్టి తను ఎండలో నిలబడ్డాడు.

"ఎండకే తట్టుకోలేని మనిషి, తూటాలకు బాగానే తట్టుకున్నార్లెండి!"

మనవడి మొహం ముడుచుకుపోయింది. "ఆ సిపాయిని తీసేయండి."

"తీసేస్తే గొడుగు గాల్లో వేలాడుతుంది."

"గొడుగూ తీసేయండి!"

"మరి మొహం మీద నీడో? ఆ నలుపులో కన్నేదో ముక్కేదో నాకే తెలియడం లేదు. మొత్తం ఫొటోలో తేటగా ఉన్న మొహం ఎండలో నిలబడ్డవాడిదొక్కటే. కావాలంటే దాన్ని పెద్దది చేసిస్తాను."

మనవడు మొదటిసారి భూతద్దం అందుకున్నాడు. కట్టు కిందనుంచి నెత్తురు చెంప దాకా కారి ఎండిపోయి ఉంది.

"ఎవరండీ ఇతను?" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆవిడ ఫొటో తిరగేసింది.

"వెనక మీ తాతగారి పేరు రాసుంది. కుక్క పేరు కూడా ఉంది. చదవమంటారా?"