మూడు చెంచాలు

"టీపాట్ మీద ఒక్కరి చెయ్యే పడాలండోయ్! ఇద్దరు పోస్తే ఇంట్లో గొడవలే."

టీ వడ్డించే ఇష్బెల్ మాటకి హోటల్లో అందరూ నవ్వారు. ముందు శాండ్‌విచ్, తర్వాత స్కోను బన్ను, చివర్న కేకు అని వరస చెప్పుకుంటూ ఆమె కిటికీ దగ్గరికొచ్చింది. అక్కడ ఫర్గస్ ఒక్కడే రెండు కప్పులు పెట్టుకుని, సరస్సు మీద కురుస్తున్న వాన చూస్తున్నాడు.

"చల్లారిపోతోంది పెద్దాయనా. ఎవరన్నా రావాలా?"

"ఎవరూ రారమ్మా. చర్చి లాటరీలో ఇద్దరికని ఈ టీ విందు తగిలింది. పోసే చెయ్యి మా ఆవిడ ఎఫీది. అది పోయిన చలికాలంలోనే పోయింది."

ఇష్బెల్ పక్కనే కూర్చుంది. "ఇవాళ్టికి నేను పోస్తాను. చక్కెర ఎంత?"

"మూడు చెంచాలు. తగ్గితే నాకది టీయే కాదు."

ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "ఇదేంటిది, పానకంలా!"

రెండో కప్పులో ఒక్క చెంచానే వేసింది. అదీ వెగటన్నాడు. ఇంకో కప్పు తెచ్చి, అసలు చక్కెరే వెయ్యకుండా ఇచ్చింది.

ఫర్గస్ గుక్క తాగి, కప్పు కింద పెట్టలేదు.

"ఇదే. మా ఎఫీ టీ ఇదే."

ఇంకో గుక్క తాగాడు.

"చక్కెర మానమన్నాడు డాక్టరు. నేను మాననని ఎఫీతో వారం పోట్లాడాను. ఆ తర్వాత వంటింట్లోనే కలిపి తెచ్చేది. మూడూ వేశావా అని రోజూ అడిగేవాణ్ణి. వేశాన్లే, తాగు అనేది."

చక్కెర గిన్నె పక్కకి జరిపాడు.

"నేనే గెలిచాననుకున్నానమ్మా."